చలికాలం, కోళ్ల గూడు, ఫస్ట్ ఫ్లోర్ ముక్కు

ఈ వారం కోళ్ల గూడు గురించి రాస్తున్నా. నవ్వకండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ గల్లీల్లో డాబాల మీద మనవాళ్లు నాలుగైదు కోళ్లు పెంచుకుంటున్నారు. చలి మొదలవగానే చాలామంది గూడును నాలుగు దిక్కులా మూసేస్తారు. కోడికి జబ్బు తెచ్చేది ఆ మూతే.

హైదరాబాద్ చలి పెద్ద కోడిని చంపేంత చలి కాదు. దాని ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, పైన ఈకల దుప్పటి. కింద పొడిగా ఉండి, గాలి నేరుగా కొట్టకపోతే చాలు. (పిల్లల సంగతి వేరు. మూడు నాలుగు వారాల దాకా వాటికి బల్బు వేడి కావాలి.) మంచు దేశాల వీడియోలు చూసి ఇక్కడ గూటికి థర్మాకోల్ అంటించడం దండగ.

కోడికి చెమట పట్టదు. ఒంట్లో తేమ ఊపిరితో, రెట్టతో బయటికి పోతుంది. మూసిన గూట్లో ఆ తేమ రాత్రంతా పైకి లేచి, రేకుకు తగిలి, చుక్కలై మళ్లీ ఊక మీదే పడుతుంది. తడిసిన రెట్టలోంచి అమ్మోనియా పుడుతుంది. మన కళ్లు మండించే ఘాటు అదే. అది గొంతు లోపలి పొరను దెబ్బతీస్తే తర్వాత ఏ రోగమైనా సులువుగా దిగుతుంది. కొక్కెర తెగులుకు టీకా వేయించాల్సిందే, కానీ టీకా గాలిని మార్చదు. పది లక్షల పాళ్ల గాలిలో అమ్మోనియా 25 పాళ్లు దాటొద్దని ఫారాల లెక్క. మీటరు మనకెక్కడిది? తెల్లవారుజామున తలుపు తీయగానే కోడి తల ఎత్తుకు వంగి వాసన చూడండి. మొదటి ఊపిరికే తెలియాలి. కాసేపుంటే ముక్కు అలవాటు పడిపోతుంది.

మా చిన్నమ్మ ఎల్బీనగర్‌లో మూడో అంతస్తు మీద రేకుల రూములో కిరాయికి ఉంటది. నాలుగిళ్లలో పని చేస్తది. ఐదు పెట్టలు, ఒక పుంజు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం పోకముందు తెచ్చుకున్న చెక్కపెట్టెల పలకలతో గూడు కట్టుకుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలు తయారు చేసింది. మంచిదే. పెరడు ఎవరికుంది? చిన్నమ్మకున్నది ఓనర్ ఊ అన్నన్ని రోజులు ఉండే డాబా మూల.

డిసెంబరులో పోయి చూస్తే గూడు చుట్టూ ఎలక్షన్ ఫ్లెక్సీ బిగించి ఉంది, లీడర్ నవ్వు తలకిందులుగా. లోపల ఒక పెట్ట గురగురమంటోంది.

“సలికా చిన్నమ్మా?”

“సలికి కాదు కొడుకా. ఫస్ట్ ఫ్లోరామెకు వాసనొస్తుందట, ఓనర్‌కు చెప్పింది. ఎండుచేపలు ఏంచిన్నాడు సుత గిట్లనే అన్నది. అప్పటికి కోళ్లే లెవ్వు.”

అదే ఫస్ట్ ఫ్లోర్‌కు ఆదివారం చికెన్ బిర్యానీ పార్సిల్ వస్తుంది. ఈ ముక్కు మీకూ తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో రూము కోసం తిరిగిన ప్రతి తమ్ముడికీ, చెల్లెకూ తెలుసు. ముందు “నాన్‌వెజ్ తింటారా?”, తర్వాత “మీరేమిట్లు?”

చిన్నమ్మ భయపడి మూసింది. మూస్తే తడి పెరిగింది. తడి పెరిగితే నిజంగానే కంపు పెరిగింది. ఆ కంపు చూపించి “మేం చెప్పలేదా?” అన్నారు. 1927లో మహాడ్‌లో అంబేద్కర్, ఆయన వెంట వచ్చినవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగితే, తర్వాత ఆ చెరువును శుద్ధి చేస్తామని ఆవు పేడ, మూత్రం కలిపిన కుండలు తెచ్చి పోశారు. వాళ్ల ముక్కుకు అది కంపు కొట్టలేదు.

మేం చేసిన పని పెద్దదేం కాదు. ఫ్లెక్సీని కింద అలాగే ఉంచి, పైకప్పుకు జానెడు కిందిదాకా ఎదురెదురు రెండు వైపులా కోసేశాం. చలికాలం మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపు ఖాళీ కొంచెం తగ్గించాం. పిల్లులు, పందికొక్కులు దూరకుండా అరంగుళం ఇనుప జాలి కొట్టాం. కోళ్లు ఎక్కి పడుకునే కర్రను కిందికి దించాం. గాలి వాటి తలల మీదుగా పోవాలి, ఒంటికి తగలకూడదు. తడి ఊకంతా ఎత్తిపోసి నాలుగు అంగుళాల పొడి ఊక పరిచాం. రెండు రోజులకోసారి కలియబెట్టాలి. నీళ్ల గిన్నె రాత్రి బయటే. గురక పెట్టను వేరే గంప కింద ఉంచాం.

హాలును ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చేసి, కిటికీ ఒక ముక్కకే దక్కిన హాస్టళ్లలో చదువుకునేవాళ్లు కూడా ఒకసారి పొద్దున్నే గోడ తడిమి చూడండి. తడి బట్టలు లోపల ఆరేసుకుని తలుపులేసుకుంటే మీ గూట్లోనూ జరిగేది ఇదే.

వారంలో కంపు తగ్గింది. పెట్ట తేరుకుంది. జనవరిలో ఫస్ట్ ఫ్లోరామె మళ్లీ ఫిర్యాదు చేసిందట. ఓనర్ పైకొచ్చి, గూడు దగ్గర నిలబడి, రెండుసార్లు గాలి పీల్చి, “ఏం లేదు కదా” అన్నాడట. అని, పుంజు కూత సంగతి ఎత్తుకున్నాడు.