వెయ్యిన్ని ముప్పై నాలుగు

మా విజయనగరం బడి పిల్లలకి కన్యాశుల్కం నాటకం అంటే గిరీశం, మధురవాణి. నేనూ చాలా ఏళ్లు అంతవరకే చెప్పి ఊరుకున్నాను. మొన్న ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ నాటకం పాత ప్రతి ఒకటి తెరిచి, 1897లో దానికి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక పేజీ ఫోనులో వాళ్లకి చూపించాను. ఆనంద గజపతి మహారాజు తయారు చేయించిన లెక్క అందులో ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాల్లో, ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని మూడేళ్లలో చేసిన శుల్కం పెళ్లిళ్లు 1034. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు.

ఆ ముగ్గురి దగ్గర ఒకమ్మాయి వేలు ఆగిపోయింది. "మా చెల్లికీ ఏడాదే మేష్టారూ" అంది.

లెక్క పూర్తిది కాదనీ, డబ్బు పుచ్చుకున్నవాళ్లు ఒప్పుకోరనీ గురజాడే రాశారు. అక్కణ్ణుంచి పాఠం నా చేతిలో లేదు, ప్రశ్నలన్నీ పిల్లలవే. ఈ లెక్క ఎవరు అడిగారు? ఎవరు దాచారు? ఆ పూట గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

శ్రీకూర్మం, ముఖలింగం గుళ్ల శాసనాల సంపుటాలూ నెట్లో ఉన్నాయి. వాటినీ ఇలాగే వాళ్ల ముందు పెట్టాలి.

ఇంటికెళ్లేముందు ఆ అమ్మాయి మళ్లీ ఫోను అడిగింది. ఆ ముగ్గురి పేర్లు వెతుకుతోంది. ఆ పేజీలో అంకెలే ఉన్నాయి.