అన్నీ అబద్ధాలే సార్!

‘ఇన్ఫర్మేషన్ లిటరసీ’ని తెలుగులో ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. ‘సమాచార అక్షరాస్యత’ అంటే ఏదో ప్రభుత్వ పథకం పేరులా ఉంటుంది. 1974లో పాల్ జుర్కౌస్కీ అనే అమెరికన్ ఈ మాట వాడినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది ఉద్యోగానికి పనికొచ్చే సమాచారం వెతుక్కోవడం, వాడుకోవడం. తరవాత అది లైబ్రేరియన్ల చేతుల్లోకి వెళ్లింది. ఇప్పుడు ఫోన్లోకి వచ్చిపడేవాటిలో ఏది నమ్మాలో తేల్చుకునే పనికి కూడా అదే పేరు. మా పిల్లలు దానికి పెట్టిన పేరు ‘నిజమా కాదా పీరియడ్’. నాకదే బాగుంది.

మా పిల్లలు అన్నాను గానీ, నేను మాస్టార్ని కాను. వారమంతా హైదరాబాదులో కోడ్ రాసుకుంటాను, తీరికున్నప్పుడు చదివిన పుస్తకాల గురించి రాస్తుంటాను. ఊరి శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నా స్నేహితుడు పాఠాలు చెప్తాడు. వాడి బలవంతం మీద రెండేళ్లుగా, సెమిస్టర్‌కి ఆరు శనివారాల చొప్పున ఈ పీరియడ్ తీసుకుంటున్నాను. అటెండెన్స్ ఉంది, మార్కులు లేవు. మార్కుల్లేని క్లాసులో గంటసేపు లెక్చరిస్తే ఏమవుతుందో ఇంజినీరింగ్ చదివిన ఎవరికైనా తెలుసు. అందుకే ఆటలు.

ఈ విషయంలో యూనివర్సిటీలు చాలాకాలం వాడిన పద్ధతి చెక్‌లిస్టు. కాలిఫోర్నియాలోని చీకో యూనివర్సిటీ లైబ్రేరియన్ సారా బ్లేక్‌స్లీ 2004లో రాసిన ‘క్రాప్ టెస్ట్’ వీటిలో బాగా పేరున్నది. పేజీ ఎప్పటిది, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఆధారాలున్నాయా అని ఆ పేజీలోనే చూసుకుంటూ పోవాలి. అప్పటికి అది మంచిదే. కానీ ఇవాళ నీటుగా సైటు కట్టడానికి ఒక పూట చాలు. ‘మా గురించి’ అన్న పేజీ రాసేది ఆ మోసగాడే కదా.

2017లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక అధ్యయనం చేశారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వాళ్ల ముందు పెట్టినవాటిలో పిల్లల డాక్టర్ల సంఘాల సైట్లు రెండున్నాయి. ఒకటి వేల మంది సభ్యులున్న పాత సంఘం, రెండోది దాన్నుంచి విడిపోయిన చిన్న గుంపు. పేర్లు ఇంచుమించు ఒకటే. విద్యార్థులు చాలామంది ఆ చిన్న గుంపు సైటే ఎక్కువ నమ్మదగినదన్నారు. పీహెచ్‌డీలున్న చరిత్రకారుల్లోనూ కొందరు తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీని సరిగ్గా చదవనైనా లేదు. వెంటనే పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లేమంటున్నారో చూశారు. దీనికి ‘ల్యాటరల్ రీడింగ్’ అని పేరు. చిన్నప్పుడు క్లాసులో పక్కచూపులు చూస్తే వీపు మీద ఒకటి పడేది. ఇక్కడ పక్కచూపే చదువు!

ఇక ఆటల సంగతి. చాలామంది ఆడినది, పరిశోధనలు చాలానే జరిగినది ‘బ్యాడ్ న్యూస్’. కేంబ్రిడ్జ్ పరిశోధకులు యాన్ రూజెన్‌బీక్, సాండర్ వాన్ డెర్ లిండెన్ ఒక డచ్ బృందంతో కలిసి 2018లో తెచ్చారు. ఇందులో మనమే తప్పుడు వార్తల వ్యాపారి. వేరేవాళ్ల పేరు పెట్టుకోవడం, భయం కోపం రెచ్చగొట్టడం, జనాన్ని చీల్చడం, కుట్ర కథలల్లడం, ప్రశ్నించినవాళ్ల మీద బురద చల్లడం, ట్రోలింగ్: ఒక్కో విద్యకి ఒక్కో బ్యాడ్జ్, మొత్తం ఆరు. టీకాలో రవ్వంత రోగాన్ని ఎక్కించినట్టు, రవ్వంత మోసాన్ని రుచి చూపిస్తే అసలు మోసాన్ని తట్టుకుంటారని దీని వెనక ఆలోచన. విలియం మెక్‌గైర్ అనే మనస్తత్వవేత్త 1960ల్లో చెప్పిన సంగతే అది.

మావాళ్లకి ఈ ఆట విపరీతంగా నచ్చింది. ఇరవై నిమిషాల్లో అందరి దగ్గరా ఆరు బ్యాడ్జీలున్నాయి. అయిపోయాక, “ఏమర్థమైంది?” అని అడిగితే వెనక బెంచీ నుంచి వచ్చిన జవాబు, “అన్నీ అబద్ధాలే సార్!” క్లాసంతా చప్పట్లు.

ఆ చప్పట్ల దగ్గరే ఉంది చిక్కంతా. 2023లో మొదిరూస్తా-గాలియన్, హైయమ్ అనే ఇద్దరు ఇలాంటి ఆటల మీద జరిగిన పాత అధ్యయనాల డేటానే తీసుకుని మళ్లీ లెక్కగట్టారు. ఆడినవాళ్లు తప్పుడు వార్తల్ని ఎక్కువగా అనుమానిస్తున్నారు, నిజమే. కానీ నిజమైన వార్తల్ని కూడా అంతే అనుమానిస్తున్నారు. రెంటినీ విడదీసే శక్తి పెరగలేదు. మా వృత్తిలో దీన్ని అర్థం చేసుకోవడం చాలా తేలిక. వచ్చిన ప్రతి మెయిల్నీ స్పామ్‌లో పడేసే ఫిల్టర్ స్పామ్‌ని నూటికి నూరుపాళ్లూ పట్టేసినట్టే లెక్క. దాన్ని ప్రొడక్షన్‌లో పెడితే సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది.

అందుకని మేమిద్దరం కూర్చుని మా సొంత ఆట ఒకటి కట్టాం. ఇరవై కార్డులు, ఆరు జట్లు, ఫోన్లు తెరిచే ఉంటాయి. కార్డుల్లో పన్నెండు నిజాలే. అబద్ధాన్ని నమ్మితే ఒక మార్కు పోతుంది, నిజాన్ని కొట్టిపారేస్తే రెండు. ఊహించి సరిగ్గా చెప్పినా సున్నాయే. ఏయే పేజీల మీదుగా ఎక్కడికి చేరారో బోర్డు మీద గీసి చూపిస్తేనే మార్కు. తేలనిదాన్ని ‘ఇంతవరకే తెలిసింది’ అని వదిలేయచ్చు, అయితే ఎంతవరకో చెప్పాలి.

‘ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక ఎయిర్ మెయిల్ 1911లో మన అలహాబాదు నుంచే వెళ్లింది’ అన్న కార్డు తియ్యగానే ఆరు జట్లూ ఫేకన్నాయి. అది అచ్చం మన వాట్సాప్ గొప్పల బాణీలోనే ఉంది మరి. కానీ అది నిజం. ఆ ఏడాది ఫిబ్రవరి 18న ఆన్రీ పెకే అనే ఫ్రెంచి పైలట్ దాదాపు 6,500 ఉత్తరాలు నైనీకి చేర్చాడు. దాని పక్కనే యునెస్కో మన జాతీయ గీతానికి ఇచ్చిందనే సర్టిఫికెట్. అది అబద్ధం. రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. గొంతు విని తేల్చలేం.

మెకాలే కార్డు మీద అరగంట పట్టింది. దేశం నలుమూలలా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడూ కనపడలేదనీ, వీళ్ల సంస్కృతిని విరిచేయాలనీ 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ఆయన అన్నట్టు తిరిగే మాటలు మీరూ చూసే ఉంటారు. ఒక జట్టు తేదీ పట్టుకుంది. ఆ రోజు మెకాలే ఉన్నది లండన్లో కాదు, కలకత్తాలో. విద్య మీద ఆయన రాసిన ప్రసిద్ధమైన ‘మినిట్’ తేదీ కూడా అదే. దాని పూర్తిపాఠం ఉచితంగా దొరుకుతుంది, ఈ వాక్యాలు అందులో లేవు. చివరిదాకా చదివిన కుర్రాడు తలెత్తి, “మన పుస్తకాల గురించి అసలుదాంట్లో అన్నదే చాలు కద సార్, మళ్లీ దొంగది ఎందుకు పుట్టించిన్రు?” అన్నాడు. ఆ ప్రశ్న మీద ఎవరైనా ఓ వ్యాసం రాయాలి.

గొడవైంది మాత్రం ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ దగ్గర. తెలుగుని నికోలో దె కాంతి అలా అన్నాడని మనం తెలుగు భాషా దినోత్సవాల్లో వింటూనే ఉంటాం. పేజీ తరవాత పేజీ తెరిచారు. అన్నింట్లోనూ అదే వాక్యం, ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టు. కొన్నిచోట్ల ఆయన్ని 16వ శతాబ్దంలో పెట్టారు, కాంతి ఏమో 1469లోనే చనిపోయాడు. ఆయన ప్రయాణాల్ని పోజ్జో బ్రాచ్చోలీని లాటిన్‌లో రాసిపెడితే, 1857లో హక్లూట్ సొసైటీ వేసిన ‘ఇండియా ఇన్ ది ఫిఫ్టీంత్ సెంచురీ’లో దానికి ఇంగ్లీషు అనువాదం వచ్చింది. ఇద్దరమ్మాయిలు వారమంతా దాని మీద కూర్చున్నారు. ఆ మాట వాళ్లకి కనపడలేదు. అయితే ఫేకేనా? లాటిన్ మూలం వాళ్లు చదవలేదు. ‘ఇంతవరకే తెలిసింది’ అని మొట్టమొదటిసారి ఆ జట్టే రాసింది. ఒకబ్బాయికి బాగా కోపం వచ్చింది, తెలుగుని అవమానిస్తున్నామన్నాడు. “మన మాటలు అచ్చులతో ముగుస్తాయన్నది నీ నోరే చెప్తుంది, దానికి ఇటలీవాడి సాక్ష్యమెందుకు?” అంది వాళ్లలో ఒకమ్మాయి. అతను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆ సెమిస్టర్ చివర్లో, క్యాంటీన్ దగ్గర ఒక కుర్రాడు నన్ను ఆపాడు. క్లాసులో ‘సార్’, బయట ‘అన్నా’. పెద్దగా మాట్లాడేవాడు కాదు, వాళ్లది సూర్యాపేట దగ్గర ఊరు.

“అన్నా, ఇది ఫేకే కదా?” అని ఫోన్ చూపించాడు. విశాఖపట్నంలోని ఓ చిన్న కంపెనీ నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్, నెలకి పద్దెనిమిది వేలు. పంపిన అడ్రసులో కంపెనీ పేరే లేదు. రెండు స్పెల్లింగ్ తప్పులు, వంకరగా అతికిన లోగో. చెక్‌లిస్టు ప్రకారం నిలువునా ఫెయిల్. పైగా వాళ్ల హాస్టల్లోనే ఇద్దరు సీనియర్లు ‘బ్యాక్‌డోర్ జాబ్’ అని ఏదో కన్సల్టెన్సీకి లక్షలు పోసి మోసపోయారట. మెయిల్ వచ్చి నాలుగు రోజులైంది. ఆ సాయంత్రం ఐదింటికి గడువు.

“మరి డిలీట్ చెయ్యలేదేం?”

“నిజాన్ని కొట్టేస్తే మైనస్ రెండు కదన్నా.”

అక్కడే బల్ల మీద కూర్చున్నాం. డబ్బు అడిగారా? లేదు. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైటులో పేరు వెతికితే పదేళ్లకి పైబడిన రిజిస్ట్రేషన్ ఉంది. పంపిన అడ్రసు, చిన్న కంపెనీలు దరఖాస్తుల కోసం అద్దెకి తీసుకునే ఒక సర్వీసుది. మెయిల్లో ఉన్న నంబర్ వదిలేసి, కంపెనీ సైటు విడిగా వెతికి, అందులోని ల్యాండ్‌లైన్‌కి చేయమన్నాను. అవతల ఒకావిడ ఎత్తి, పేరడిగి, “ఏం నాయనా, రిప్లై ఇవ్వవేంటి? మీకోసమే చూస్తన్నాం” అంది. స్పీకర్లో నేనూ విన్నాను. నాలుగూ నలభైకి వాడు ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పంపాడు. చేతులు వణుకుతున్నాయి, అందులోనూ ఒక స్పెల్లింగ్ తప్పు.

ఆ మెయిల్ ఇప్పుడు మా ఆటలో పదమూడో నిజం కార్డు, వాడి పేరు కొట్టేసి. మొన్నటి బ్యాచ్‌లో ఐదు జట్లు చూడగానే ఫేకన్నాయి. ఆరో జట్టు సైటు వెతికి, ల్యాండ్‌లైన్ పట్టుకుని, ఫోన్ చేసింది. శనివారం మధ్యాహ్నం కదా, ఎవరూ ఎత్తలేదు. బోర్డు మీద ‘సోమవారం పదింటికి మళ్లీ చేస్తాం’ అని రాసి కూర్చున్నారు.