గుల్లల గట్టు మీద పరానా

అర్జెంటీనాలో శాంతఫే ఊరు దాటి తూర్పుకు వెళ్లే రోడ్డుకు రెండు వైపులా నీళ్లు, లంకలు, చిత్తడి నేలలే. అలా సాగిన రోడ్డు నది దగ్గరకొచ్చి నేలలోకి దిగిపోతుంది. నది అడుగున సొరంగంలో రెండు కిలోమీటర్లకు పైగా వెళ్లి అవతల ఎత్తైన గట్టు మీద తేలుతుంది. ఆ గట్టు మీది ఊరే పరానా. ఎంత్రె రియోస్ రాష్ట్రానికి రాజధాని, జనాభా సుమారు రెండున్నర లక్షలు. దక్షిణ అమెరికాలో అమెజాన్ తర్వాత అంత పొడవైన నది పేరే ఈ ఊరి పేరు కూడా. ఇక్కడ నదికి పడమటి ఒడ్డు పల్లం, తూర్పు ఒడ్డు మిట్ట. ఊరికి చోటు, బతుకుతెరువు, పేరు ప్రతిష్ఠలు అన్నీ ఆ మిట్టే ఇచ్చింది.

స్పెయిన్ పాలనలో కొత్త ఊరు కట్టాలంటే పెద్ద తంతు ఉండేది. అధికారి వచ్చి, వీధులు గీయించి, పత్రం రాయించి స్థాపించేవాడు. శాంతఫేను 1573లో హువాన్ దె గరాయ్ అలాగే స్థాపించాడు. పరానాను మాత్రం ఎవరూ స్థాపించలేదు. శాంతఫే జనమే నది దాటి వచ్చి మెల్లగా గట్టు మీద ఇళ్లు వేసుకున్నారు. 1730లో ఇక్కడ చర్చి పారిష్ ఏర్పడింది, 1813లో పట్టణ హోదా వచ్చింది. అయినా చాలాకాలం జనం నోట ‘బహాదా’గానే ఉండిపోయింది. అంటే గట్టు మీంచి రేవుకు దిగే దారి. గట్టులో గుల్లలు పేరుకుని గట్టిపడిన సున్నపురాయి దండిగా ఉంది. దాన్ని తవ్వి బట్టీల్లో కాల్చి సున్నం తీయడం ఈ ఊరి తొలి పనుల్లో ఒకటి.

సముద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉంటే ఇక్కడికి సముద్రపు గుల్లలు ఎలా వచ్చాయి? ఆ సంగతి పరిశీలించిన వారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. 1833 అక్టోబరులో అతనికి 24 ఏళ్లు. శాంతఫేలో తలనొప్పితో రెండు రోజులు మంచం పట్టి లేచి, 5వ తేదీన పడవెక్కాడు. లంకల మధ్య పాయలు తిరుగుతూ నది దాటడానికే గంటలు పట్టింది. ఇక్కడ అయిదు రోజులు ఉండి గట్టును పొరపొరగా చూశాడు. అడుగున సొరచేప పళ్లు, సముద్రపు గుల్లలు. వాటి మీద గట్టి మట్టి. ఆపైన పంపాలనే గడ్డి మైదానాల ఎర్రమట్టి, అందులో నేల మీద తిరిగే జంతువుల ఎముకలు. ఒకప్పుడు ఇక్కడ ఉప్పునీటి అఖాతం ఉండేదనీ, అది క్రమంగా బురదతో పూడిపోయిందనీ అతను తేల్చాడు.

ఆ ఎర్రమట్టిలో అతనికి అర్మడిల్లోను పోలిన ఓ భారీ జంతువు పెంకు దొరికింది. లోపలి మట్టి తీసేస్తే గంగాళంలా ఉంది. దగ్గరలోనే అంతరించిన జంతువులైన టాక్సోడాన్, మాస్టొడాన్‌ల పళ్లు. వాటితోపాటు ఒక గుర్రం పన్ను. స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చేనాటికి అమెరికా ఖండాల జనానికి గుర్రమంటే తెలియదు. అందుకే డార్విన్‌కు ముందు అనుమానం వచ్చింది, ఈ పన్ను తర్వాతి కాలంలో పైనుంచి జారి పడిందేమోనని. చుట్టూ మట్టిని జాగ్రత్తగా చూశాడు. పన్ను రంగు, శిథిలమైన తీరు మిగతా ఎముకల మాదిరిగానే ఉన్నాయి. అంటే గుర్రం ఇక్కడ పూర్వం బతికింది, అంతరించింది, మనిషి వెంట మళ్లీ వచ్చింది. స్పెయిన్ వాళ్ల గుర్రాలు మందలు మందలుగా పెరిగిన ఈ నేల మీదే పాత గుర్రాలు ఎందుకు నశించాయన్న ప్రశ్న అతన్ని వదల్లేదు. 1859లో వచ్చిన జాతుల పుట్టుక పుస్తకంలోనూ ఈ ప్రాంతపు గుర్రం పన్ను ప్రస్తావన ఉంది.

సుమారు కోటి ఏళ్ల కిందట అట్లాంటిక్ సముద్రం ఖండం లోపలికి చొచ్చుకొచ్చిందని ఇప్పుడు భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ సముద్రం మిగిల్చిన పొర పేరు పరానా ఫార్మేషన్. దాని మీద నది ఇసుకతో ఏర్పడ్డది ఇతుసైంగో ఫార్మేషన్. ఈ రెండూ కలిసేచోట గులకరాళ్లు, ఎముకలు కలగలిసిన ఒక పొర ఉంది. ఘరియాల్ వంశపు మొసళ్లు, డాల్ఫిన్లు, భారీ ఎలుకజాతి జీవులు, నేల మీద తిరిగే స్లాత్‌లు, కింది పొరలోంచి కొట్టుకొచ్చిన సొరచేప పళ్లు అన్నీ అందులోనే. ప్రవాహంలో దొర్లి అరిగినవి కాబట్టి చాలావరకు ముక్కలే దొరుకుతాయి.

ఆ ముక్కలను ఏరి, పేర్లు పెట్టే పని ఈ ఊళ్లోనే సాగడానికి రాజకీయాలూ కారణం. 1850ల్లో బ్యూనస్ ఐరిస్ విడిగా నిలబడటంతో అధ్యక్షుడు ఉర్కీసా ప్రభుత్వం 1854లో పరానాను అర్జెంటీనా సమాఖ్యకు రాజధానిగా పెట్టుకుంది. దాంతో ఇక్కడ జాతీయ మ్యూజియం వచ్చింది. దాన్ని నడిపిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఒగూస్ట్ బ్రవార్ 1858లో ఈ సముద్రపు పొరల మీద పుస్తకం రాశాడు. 1861 మార్చిలో మెందోసా భూకంపంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఏడాదే బ్యూనస్ ఐరిస్‌తో జరిగిన పవోన్ యుద్ధం తర్వాత రాజధాని హోదా కూడా పోయింది. పదేళ్లకు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల వచ్చింది. అందులో పాఠాలు చెప్పిన పేద్రో స్కలాబ్రిని గట్టు వెంట శిలాజాలు ఏరి శిలాజ శాస్త్రవేత్త ఫ్లోరెంతీనో అమెగీనోకు అందించాడు. పొడవు మెడ, గిట్టలు ఉన్న ఒక జంతువుకు అమెగీనో 1883లో పెట్టిన పేరు స్కలాబ్రినిథీరియం బ్రవార్డీ. ఆ ఒక్క పేరులో ఇద్దరూ ఉన్నారు.

రెండు నదుల మధ్య చిక్కుకున్న ఎంత్రె రియోస్‌కు శాంతఫే వైపు బల్లకట్టు, పడవలే దిక్కుగా ఉండేవి. పడవలు తిరిగే నది మీద వంతెన కట్టాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. నది అడుగు నేల మాత్రం రాష్ట్రాలదేనన్న వాదనతో శాంతఫే, ఎంత్రె రియోస్ రాష్ట్రాలు 1960లో ఒప్పందం చేసుకుని మొదట చెప్పిన సొరంగానికి పూనుకున్నాయి. ఒక్కోటి 65 మీటర్ల పైచిలుకు పొడవున్న 36 కాంక్రీటు గొట్టాలను నదిలో తవ్విన కందకంలోకి దించి అతికించారు. 1969 డిసెంబరు 13న దారి తెరుచుకుంది.

గట్టు వాలున ఉర్కీసా పార్కు, నీటి వారన జాలర్ల పేట ప్వెర్తో సాంచెస్ ఉన్నాయి. ఇక్కడి వంటల్లో సురుబి చేపది పెద్దపీట. నది ఒరుసుకున్నప్పుడు గట్టు విరిగి పడుతుంది. ఊరికి అది ముప్పే, కొత్త శిలాజాలు బయటపడేది కూడా అప్పుడే. అడుగు పొరలు చూడాలంటే నీరు తగ్గిన రోజుల్లో వెళ్లాలి. 2021లో నది 1944 తర్వాత ఎన్నడూ లేనంతగా తగ్గింది. 2003 నాటి చట్టం ప్రకారం ఇక్కడ దొరికే శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, కనిపిస్తే సమాచారం ఇవ్వాలి. వాటిని చూడటానికి ఊళ్లో ఆంతోనియో సెర్రానో మ్యూజియం ఉంది. పొర నుంచి ఊడదీసి జేబులో వేసుకున్న పన్ను వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఏ పొరలో దొరికిందో డార్విన్ చూసి రాసుకున్నాడు కాబట్టే ఆ గుర్రం పన్ను గురించి ఈనాటికీ చెప్పుకుంటున్నాం.