అంకెలో దాగిన కంఠస్వరం

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ ప్రాంతాలలో వాడుకలో ఉన్న కాంటనీస్ భాషలో 'మాయ్' అనే శబ్దాన్ని మంద్రంలో ప్రారంభించి కొద్దిగా పైకి లేపితే కొనుట అని అర్థం. మంద్రంలోనే సమంగా నిలిపితే అమ్ముట. అంగడిలో బేరగానికీ వర్తకునికీ గల భేదమంతా ఆ కంఠపు కదలికలోనే ఉన్నది. ఇట్టి ఎత్తుపల్లాలను భాషాశాస్త్రవేత్తలు తానాలంటారు. తరగతిలో ధ్వనిశాస్త్రం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఈ జంటనే నల్లబల్ల మీద వ్రాస్తాను. చీనా లిపిలో రెండింటికీ వేర్వేరు అక్షరాలున్నవి కనుక అక్కడ చదువరికి చిక్కు లేదు. రోమన్ లిపిలోకి దించినప్పుడే వస్తుంది పేచీ.

హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో రూపొందించిన యుత్‌పింగ్ పద్ధతి ప్రతి శబ్దం చివరా 1 నుండి 6 వరకు ఒక అంకెను ఉంచుతుంది. కొనుట 'మాయ్5', అమ్ముట 'మాయ్6'. 'సీ' అనే శబ్దం ఆరు తానాలలో వరుసగా కవిత, చరిత్ర, పరీక్ష, కాలం, అంగడి, వ్యవహారం అన్న అర్థాలనిస్తుంది. (మన విద్యార్థులకు మూడవది మాత్రమే వినబడుతుందేమో!)

పూర్వ సంప్రదాయం తొమ్మిది తానాలను లెక్కించింది. ప, త, క హల్లులతో తటాలున ఆగిపోయే శబ్దాలకు 7, 8, 9 అని వేరే సంఖ్యలుండేవి. కాని వాటి ఎత్తు 1, 3, 6 తానాలదే. ఆగిపోవుటను చివరి హల్లే చెబుతున్నది. యుత్‌పింగ్ వాటిని ఆరింటిలోనే కలిపివేసింది. పొదుపైన నిర్ణయమే.

ఈ అంకెలు పేర్లే కాని కొలతలు కావు. కొలత కావలెనంటే యూయెన్ రెన్ చావ్ 1930లో ప్రకటించిన ఐదు మెట్ల నిచ్చెన ఉన్నది. అందులో 5 అత్యున్నతం. యుత్‌పింగ్‌లోని 1వ తానం ఆ నిచ్చెన మీద 55! రెండింటినీ కలగలిపిన వానికి సంగీతం తలక్రిందులవుతుంది.

యేల్ పద్ధతి అచ్చులపై గుర్తులుంచి, మంద్ర తానాలకు అచ్చు తరువాత 'హెచ్' చేర్చుతుంది. కనబడుతున్న అక్షరాన్ని పలుకకుండుట కొత్తవానికి కష్టం. అంకెను ఎవరూ పలుకబోరు. అందుకే నాకదే నచ్చింది.

అయినను హాంకాంగ్ వీధి పలకల మీది రోమన్ పేర్లకు అంకెలూ లేవు, గుర్తులూ లేవు. ఉర్దూలో మనమూ జేర్, జబర్, పేష్‌లను విడిచే వ్రాస్తాము. ఇంటి భాష కనుక సాగిపోతుంది. అదే పవిత్ర ఖురాన్ ప్రతులలో మన దేశపు ముద్రాపకులు ఆ గుర్తులను విడువరు, ఎందుకనగా పఠనంలో ఒక్క స్వరమైనా తప్పరాదు. హాంకాంగ్‌లో చీనా అక్షరాలెరిగినవాడు ప్రక్కనున్న రోమన్ అక్షరాల వంక చూడనక్కరలేదు. వాటిని నమ్ముకొన్నవాడు పరదేశి. ఆ పేరును తోచిన స్వరంలో పలికి దారి అడిగితే, ఎదుటివాడు "ఏమిటీ?" అని మరల అడుగుతాడు.