ఒకే తీగ, రెండు దారులు

వెంకటగిరికోట పొరుగున కుప్పంలో 2002లోనే హెచ్‌పీ సంస్థ ఐ-కమ్యూనిటీ పేరుతో కంప్యూటర్ కేంద్రాలు పెట్టింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక, ఇంటి ఫోను తీగే ఇంటర్నెట్టుకూ దారైంది.

మరి కంప్యూటర్ నుంచి ఫ్యాక్సో? బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ ఆ పని చేయదు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే! మూలన పడేసిన పాత డయలప్ ఫ్యాక్స్ మోడెమే దిక్కు.

మాటలూ ఫ్యాక్సూ 4 కిలోహెర్ట్జ్‌లోపే సర్దుకుంటాయి. ఫోను తీగ మీది బ్రాడ్‌బ్యాండ్ (డీఎస్‌ఎల్) సుమారు 25కు పైన పరుగెడుతుంది. రెంటినీ విడదీసేది గోడ దగ్గరి చిన్న స్ప్లిటర్. ఫ్యాక్స్ మోడెమ్ తీగను అందులో ‘ఫోన్’ అని రాసివున్న వైపే గుచ్చాలి. స్ప్లిటర్ లేకుండా కలిపారా, డీఎస్‌ఎల్ రొదకు ఫ్యాక్సు మధ్యలోనే తెగిపోవచ్చు.

విండోస్ ఎక్స్‌పీలో ఫ్యాక్స్ సదుపాయం ఉండేది, విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేదంతే. సంతకం చేసిన కాగితానికైతే స్కానర్ కూడా కావాలి (అదేదో బజారు ఫ్యాక్స్ బూత్‌లోనే పని అయిపోయేది!).

ఫ్యాక్సు వెళ్తున్నంతసేపూ ఫోను మోగదు. ఇంటర్నెట్టు మాత్రం ఆగదు.