కందిరీగలో కందిరీగ లేదట!

మా చెల్లెలు బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేస్తోంది. పెరట్లో పట్టిన ఓ కందిరీగలో వోల్బాకియా ఉందో లేదో తేల్చడం దాని ప్రాజెక్టు. పేరు వింటే ఏదో దేశంలా ఉంది గానీ, అదో బాక్టీరియా. 1924లో హెర్టిగ్, వోల్‌బాక్ అనే ఇద్దరు దోమల్లో కనిపెట్టారు. దాదాపు సగం కీటక జాతుల్లో ఉంటుందని అంచనా. తల్లి గుడ్డులోంచే పిల్లలకి చేరుతుంది కాబట్టి దానికి మగవాటితో పనిలేదు. మన రైతులు కార్డుల మీద తెచ్చి పొలాల్లో వదిలే ట్రైకోగ్రామా కూడా బుల్లి కందిరీగే. ఆ కుటుంబంలో కొన్నిటికి ఇది పడితే ఆడవే పుడతాయి!

కణాల లోపల బతికే రకం కదా, మామూలుగా ప్లేటు మీద పెంచి చూద్దామంటే కుదరదు. అందుకని కందిరీగ పొట్ట నూరి, డీఎన్ఏ తీసి, పీసీఆర్ చెయ్యాలి. వేడి చేస్తే పోగులు విడిపోతాయి, చల్లారిస్తే ప్రైమర్లు అతుక్కుంటాయి, 72 డిగ్రీల దగ్గర కాపీ తయారవుతుంది. 30 సార్లు తిప్పితే 2 టు ది పవర్ 30, అంటే వంద కోట్ల పైమాటే. చివర్లో జెల్ మీద 438 బేస్‌ల దగ్గర గీత కనపడితే బాక్టీరియా ఉన్నట్టు.

గీత రాలేదు. "నెగెటివ్ అని రాసెయ్, రేపే సబ్మిషన్" అన్నారట స్నేహితులు. ఇది రాయలేదు. ఎందుకంటే అదే ట్యూబులో కందిరీగ సొంత జీన్ కోసం ఇంకో జత ప్రైమర్లు ఉంటాయి. ఆ గీత కూడా లేదు. అంటే కందిరీగలో కందిరీగే లేదంటోంది టెస్టు!

డీఎన్ఏని పది రెట్లు పల్చన చేసి మళ్ళీ నడిపింది. నూరిన ముద్దలో ఉన్నదేదో ఎంజైముకి అడ్డం పడినట్టుంది, ఈసారి కందిరీగ గీత వచ్చింది. వోల్బాకియా గీత రాలేదు. జవాబు పాతదే, "లేదు". ఆలస్యానికి మార్కులు మాత్రం కోశారు.

నన్నడిగితే ఆ రెండు "లేదు"లూ ఒకటి కావు. "జీరో ఫెయిల్యూర్స్" చూసి సంబరపడి, పైకి స్క్రోల్ చేస్తే "జీరో టెస్ట్స్ రన్" అని కనపడటం మనకి తెలియనిదా? ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో వోల్బాకియా ఎక్కించిన దోమల్ని వదిలితే డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలొచ్చాయి. అక్కడా దోమల్ని పట్టి, బాక్టీరియా నిలిచిందో లేదో ఇలా డీఎన్ఏలోనే చూస్తారు. అక్కడ ఉత్తుత్తి "లేదు"కి ఖరీదు మార్కులు కాదు, జ్వరాలు.

మార్కులు పోతే పోయాయి గానీ, దానికి మా టీంలో ఉద్యోగం ఇప్పించాలనిపిస్తోంది. మీరేమంటారు?