బాలేవాడిలో ఒక బేరం

షోలాపూర్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు పూణె పరాయి ఊరు కాదు. పిల్లల చదువులకు, పెళ్లి బట్టలకు, పెద్దాసుపత్రికి ఏదో ఒక పనిమీద ఏడాదికి నాలుగైదుసార్లయినా వెళ్లివస్తూనే ఉంటాం. ఉదయం ఆరున్నర ప్రాంతంలో హుతాత్మ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్న భోజనానికి ముందే పూణెలో దిగవచ్చు. ఆ బండి పేరులోనే రెండు ఊళ్ల చరిత్ర ఉంది. 1930లో షోలాపూర్‌లో జరిగిన స్వాతంత్ర్య పోరాటానికి శిక్షగా మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్దా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్ అనే నలుగురిని 1931 జనవరి 12న పూణెలోని ఎరవాడ జైలులో ఉరితీశారు. ఆ అమరుల పేరు మీద ఈ బండి రోజూ రెండు ఊళ్ల మధ్య తిరుగుతోంది.

2025 జనవరిలో నేను, మా తమ్ముడు, పదహారేళ్ల వాడి కూతురు ఈ బండిలోనే బయలుదేరాం. పని ఏమిటంటే పిస్టల్ కొనడం. పాఠకులు ఉలిక్కిపడనక్కరలేదు. ఇది పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్. గాలి ఒత్తిడితో అర గ్రాము సీసపు గుండును పది మీటర్ల దూరంలోని కాగితం మీదికి పంపే సాధనం. 2016 ఆయుధ నియమావళి ప్రకారం .177 బోరు, 20 జౌళ్ల శక్తికి మించని గాలి తుపాకులకు లైసెన్సు అక్కరలేదు. పోటీ పిస్టల్ శక్తి అందులో మూడోవంతు కూడా ఉండదు.

కుర్డువాడి దాటి భిగ్వణ్ ప్రాంతానికి వచ్చేసరికి ఉజని జలాశయం నీళ్లు కనిపిస్తాయి. చలికాలంలో అక్కడికి రాజహంసలు వస్తాయి. అందరూ కిటికీలోంచి తొంగి చూస్తుంటే మా తమ్ముడు మాత్రం చొక్కా లోపలి జేబు తడుముకుంటున్నాడు. వాడు తువాళ్ల కార్ఖానాలో మేస్త్రీ. మూడేళ్లు చీటీ కట్టి పాడుకున్న లక్షా నలభైవేలూ బ్యాంకులోనే ఉన్నాయి. అయినా చెక్కు పుస్తకం ఉన్న జేబును పట్టుకుని కూర్చున్నాడు. డబ్బు విలువ బ్యాంకులో పనిచేసే నాకంటే వాడికే ఎక్కువ తెలుసు.

బాలేవాడి

పూణె స్టేషను నుంచి బాలేవాడి ఊరికి మరో కొస. ముంబయి–బెంగళూరు జాతీయ రహదారి పక్కన, మ్హాళుంగే–బాలేవాడి పొలాల్లో 1994 జాతీయ క్రీడల కోసం కట్టిన శ్రీ శివఛత్రపతి క్రీడా నగరం అది. 2008 కామన్వెల్త్ యువజన క్రీడలూ అక్కడే జరిగాయి. ఇప్పుడు చుట్టూ ఆకాశాన్నంటే భవనాలు లేచాయిగాని లోపలికి అడుగు పెడితే ఇంకా చెట్లు, మైదానాలు, ట్రాక్ సూట్లలో పిల్లలు కనిపిస్తారు.

తుపాకి గురిలో మహారాష్ట్రకు మంచి పేరుంది. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో ఫైనల్ చేరిన అంజలీ భాగవత్, 2010లో ప్రపంచ విజేత అయిన కొల్హాపూర్ అమ్మాయి తేజస్వినీ సావంత్, 2024 పారిస్‌లో కంచు పతకం తెచ్చిన స్వప్నిల్ కుసాళే ఈ రాష్ట్రంవారే. మనవాళ్ల సంబంధమూ లేకపోలేదు. హైదరాబాదులో పెరిగి 2012 లండన్‌లో కంచు పతకం గెలిచిన గగన్ నారంగ్ తన శిక్షణాలయాన్ని పూణెలోనే నెలకొల్పారు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు సాధించింది. అవన్నీ పిస్టల్‌తో వచ్చినవే. మా అమ్మాయి గది గోడమీద ఉన్న బొమ్మ ఆమెదే.

పది మీటర్ల హాలులో మాట వినిపించదు. టప్, టప్ అని ఎవరో వేలు విరుచుకున్నట్టు చప్పుడు. వరుసగా నిలబడ్డవాళ్లు ఒక చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని, రెండో చేతిని మెల్లగా దించుతూ ఊపిరి బిగబట్టి కనిపిస్తారు. కాగితం మీద పది పాయింట్ల వలయం అడ్డకొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. గంటా పావులో అరవైసార్లు దాన్ని కొట్టాలి.

గీతల లెక్క

అమ్మకానికి పెట్టిన కుర్రాడు ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలో చేరాడు. సాధనకు తీరిక లేదు. ఇలాంటి పిస్టళ్లు చేసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. ఆస్ట్రియాలో స్టైర్, జర్మనీలో ఫైన్‌వెర్క్‌బౌ, వాల్థర్, ఇటలీలో పార్డీని, స్విట్జర్లాండులో మోరీని పేరున్నవి. ఇతనిది అటువంటి ఐరోపా పిస్టలే. కొత్తదైతే రెండు లక్షలకు పైమాటే. అతను చెప్పిన ధర లక్షా ముప్ఫైవేలు.

పెట్టె తెరవగానే మా అమ్మాయి ముఖం వాడిపోయింది. గొట్టం పైతొడుగు మీద జానెడు గీత, అక్కడక్కడ రంగు లేచి తెల్లటి లోహం. చెక్క పిడి చెమటకు నల్లబడి, అతను తన చేతికి సరిపోయేలా అరగదీసి, పూత పూసి, మళ్లీ అరగదీసిన మచ్చలు. "పెదనాన్నా, ఇది పట్టుకుని పోటీకి వెళితే అందరూ నవ్వరా?" అని నా చెవిలో అంది. గీతలు లేని ఇదే రకం పిస్టల్ లక్షా నలభై అయిదువేలకు పోతుందనీ, ఈ రూపం వల్లనే పదిహేనువేలు తగ్గించాననీ ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు.

బంగారం మీద అప్పులిచ్చే కౌంటరులో కొన్నేళ్లు కూర్చున్నవాణ్ణి. సొట్టపడ్డ గాజును చూసి మా కంసాలి ఎన్నడూ పెదవి విరవలేదు. గీటురాయి మీద గీసి, తూకం వేసి ధర కట్టేవాడు. మన షోలాపూర్ దుప్పట్లలోనూ అంతే. రంగు కాస్త అటూ ఇటూ అయినందుకు సెకండ్స్‌లో వేసిన దుప్పటి పదేళ్లు కప్పుకోవచ్చు. పోగు తెగినది మొదటి ఉతుకుకే చిరుగుతుంది. రెండింటినీ ఒకే కుప్పలో పోసి అమ్ముతారు. ఏది ఏదో తెలుసుకోవలసింది కొనేవాడు. పైన పటారం లోన లొటారం అనే సరుకులు లోకంలో కావలసినన్ని ఉన్నాయిగాని, దానికి తిరగేసి ఉన్నవి కూడా ఉంటాయి.

అక్కడి శిక్షకుడు పెద్దమనిషి. ఆయన మొదట చెప్పిన మాట నాకు నచ్చింది: "గీత ఎంత పొడుగుందని కాదు, ఎక్కడుందని చూడండి." తొడుగు మీద గీత అలంకారానికే లోపం. గుండు బయటికి వచ్చే గొట్టం మూతి అంచున గోటితో గుచ్చినంత సొట్ట ఉన్నా గుండు దారి తప్పుతుంది. గాలి సిలిండరు మీద సొట్ట ఉంటే అసలు వాడకూడదు, అది ప్రాణానికే ప్రమాదం. టార్చిలైటు వేసి మూతి, సిలిండర్లు, గురిచూసే పళ్లెం అన్నీ ఆయన మాకు చూపించారు. సొట్టలు లేవు. గురిపళ్లెం వేలితో కదిపినా కదలలేదు.

తర్వాత సిలిండర్ల మీద ముద్రించిన తేదీలు. తయారైన నాటి నుంచి పదేళ్లు దాటిన సిలిండరును అంతర్జాతీయ పోటీ నిబంధనలు ఒప్పుకోవు. ఇచ్చిన రెండింటిలో ఒకదానికి పదేళ్లు అప్పటికే నిండాయి. రెండోదానికి ఇంకా మూడేళ్ల గడువుంది. పెట్టెలో రెండు సిలిండర్లున్నా, నా లెక్కలో ఆస్తి ఒక్కటే.

పిస్టల్‌ను బల్లమీద బిగించి పది మీటర్లలో అయిదు గుండ్లు కొట్టించారు. అయిదూ కలిసి కాగితం మీద బఠాణీ గింజంత ఒక్క చిల్లు పడింది. కొలిస్తే ఏడు మిల్లీమీటర్లు. గుండే నాలుగున్నర మిల్లీమీటర్లు గనుక పిస్టల్ తన వంతు తప్పు దాదాపు చేయడం లేదన్నమాట. వేగం కొలిచే యంత్రం ముందు పది గుండ్లు కొడితే అన్నీ సెకనుకు 148, 150 మీటర్ల మధ్యనే వచ్చాయి. పావుగంట ఊరుకుని మళ్లీ కొట్టిన మొదటి గుండూ అదే వేగం. గాలిని సమంగా వదిలే రెగ్యులేటరు పాడైతే విశ్రాంతి తర్వాతి మొదటి గుండు వేగం మారుతుందట. ఆఖరున 500 గ్రాముల తూకపురాయిని ట్రిగ్గరుకు తగిలించి పిస్టల్‌ను నిలువుగా పైకెత్తారు. ట్రిగ్గరు తెగకుండా రాయిని మోసింది. పోటీకి ముందు తనిఖీలో చేసే పరీక్ష ఇదే.

భవానీ పేఠలో ఒక రాత్రి

సిలిండర్లలో గాలి నిలుస్తుందా లేదా అన్నది ఒక పూటలో తేలదు. శిక్షకుడి పూచీ మీద రెండింటినీ గాలి నింపించి వెంట తీసుకెళ్లాం. హామీదారు లేకుండా ఏ వ్యవహారమూ నడవదని మా తమ్ముడితో అంటే ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

భవానీ పేఠలో మా పినతల్లిగారింట్లో బస. పూణె తూర్పు పేఠల్లో మన తెలుగు ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. ఆ పక్కనే గంజ్ పేఠలో మహాత్మా ఫులే నివసించిన వాడా. 1873లో ఆయన సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు ముంబయి తెలుగు కాంట్రాక్టర్లు అండగా నిలిచారన్న సంగతి మన పిల్లలకు చెప్పవలసినది. సాయంత్రం అమ్మాయిని తీసుకెళ్లి చూపించాను. రాత్రి పిన్ని పెట్టిన జొన్నరొట్టె, శెనగపప్పు కూర తిని, సిలిండర్లను మేడమీది రేకుల గదిలో పెట్టి పడుకున్నాం.

సాయంత్రం రెండింటి ముల్లూ 190 దగ్గర ఉంది. తెల్లవారి అమ్మాయి చూసి కిందికి పరుగెత్తుకొచ్చింది. ఒకటి 180 దగ్గర, రెండోది 150 దగ్గర ఉన్నాయి. రెండూ కారిపోతున్నాయని మా తమ్ముడు నీరుగారిపోయాడు. శిక్షకుడికి ఫోను చేస్తే ఆయన తొణకలేదు. చలికి గాలి ముడుచుకుంటుంది, ఎండెక్కాక చూడమన్నారు. సాయంత్రం వేడిమి 25 డిగ్రీలు, తెల్లవారుజామున 12 డిగ్రీలు అనుకుంటే 190 ఒత్తిడి 182కు దిగడం సహజమే. మధ్యాహ్నానికి రేకులు వేడెక్కాక మొదటి ముల్లు మళ్లీ 190కి వచ్చింది. రెండోది పైకి జరిగినా 160 దాటలేదు. కారుతున్నది అదొక్కటే, అదీ గడువు తీరినదే.

లెక్క తేలింది

ఆ మధ్యాహ్నం మళ్లీ బాలేవాడి చేరి కుర్రాడి ముందు కాగితం పెట్టాను. కొత్త సిలిండరుకు ఇరవైవేలు, రబ్బరు సీళ్లు మార్చి శుభ్రం చేయించడానికి అయిదువేలు, రెండూ కలిసి ఇరవై అయిదువేలు. లక్షా ముప్ఫై నుంచి అవి తీసేస్తే లక్షా అయిదువేలు. గీతల పేరు చెప్పి ఒక్క రూపాయి తగ్గించమనలేదు. ఆ తగ్గింపు అతను ముందే ఇచ్చాడు, పైగా అవి మాకు నష్టం చేసేవి కావు. అతను కాసేపు ఆలోచించి సరేనన్నాడు. మొదట కొన్నప్పటి బిల్లు, చేతిరాతతో అమ్మకపు రసీదు తీసుకుని మా తమ్ముడు చెక్కు రాసిచ్చాడు. సిలిండరు, మరమ్మతు ఖర్చులు పోను చీటీ డబ్బులో పదివేలు మిగిలాయి. అవి గుండ్లకు. గీతలు లేనిది కొని ఉంటే అయిదువేలు అప్పు చేసి, గుండ్లకు మళ్లీ ఎవరి ముందో చేయి చాపవలసి వచ్చేది.

అయితే డబ్బు లెక్కతోనే నిర్ణయం కాలేదు. చెక్కు రాయక ముందే శిక్షకుడు అమ్మాయిని కళ్లు మూసుకుని పిస్టల్ పట్టుకుని, చేయి చాపి, తర్వాత కళ్లు తెరవమన్నారు. కళ్లు తెరిచేసరికి గురి గుర్తులు రెండూ సరిగా ఒక వరుసలో ఉండాలి. మూడుసార్లలో రెండుసార్లు ఉన్నాయి. బొటనవేలి కింద కాస్త అరగదీస్తే మూడోసారీ ఉంటాయన్నారు. ఆ నల్లబడ్డ పిడినే ఆ పిల్ల మళ్లీ మళ్లీ పట్టుకుని చూసుకుంది. నవ్వుతారేమోనన్న మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్తదైనా పాతదైనా పిస్టల్ లోపలి ఆరోగ్యమే ముఖ్యమని ఈ ఆట పెద్దలకు తెలుసు. 2021లో టోక్యోలో మనూ భాకర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో మొరాయించింది. విలువైన నిమిషాలు పోయి ఆమె 575తో పన్నెండో స్థానంలో ఆగిపోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే అంశంలో కంచు పతకం గెలిచింది. అంత పెద్ద వేదిక మీద కూడా పిస్టల్ రంగు ఎలా ఉందని ఎవరూ అడగలేదు.

మన కుటుంబాల్లో ఈ ఆట మీద మక్కువ ఉన్న పిల్లలుంటే, పాత పిస్టల్ అనగానే వద్దనకండి. సిలిండరు తేదీ, రాత్రంతా గాలి నిలవడం, బల్లమీద బిగించి కొట్టిన చిల్లు, వేగం నిలకడ, ట్రిగ్గరు బరువు, పిల్ల చేతికి పిడి కుదరడం, ఈ ఆరూ తెలిసినవారి చేత చూపించండి. బిల్లు అడగండి. ఇంట్లో మాత్రం పిస్టల్, గుండ్లు వేర్వేరు చోట్ల తాళం వేసి ఉంచండి. మా తమ్ముడింట్లో తాళంచెవి మా మరదలి కొంగుముడిలో ఉంటుంది. అమ్మాయి రోజూ పొద్దున్న ఆమెనడిగి తీసుకుంటుంది.